ఎడమకి ఒరిగిన ఏడాది

నాకు ఇరవై అయిదేళ్ళప్పుడు, మెల్‌బోర్న్‌లో టీచింగ్ చదువుతుండగా, మెదడు మెడలోకి దిగే కాండం దగ్గర రక్తం ఆగిపోయింది. చిన్న స్ట్రోకేనన్నారు డాక్టర్లు. శనగబద్దంత మేర చచ్చిపోయిందట. ఆ శనగబద్ద నన్ను ఏడాది పాటు ఎడమ పక్కకి తోస్తూనే ఉంది. కాళ్ళల్లో బలం పోలేదు, చేతుల్లో బలం పోలేదు, మాట పోలేదు. నిటారు అనేది ఎటు ఉందో ఆ తెలివి ఒక్కటే పోయింది. ఇన్నేళ్ళ తర్వాత ఇది రాస్తుంటే జబ్బు మీద నాకేం కోపం లేదు. మనవాళ్ళ మీద ఉంది. నన్ను ప్రేమగా చూసుకున్నవాళ్ళ మీదే ఉంది. అంత ప్రేమగా చూసుకున్నారు కదా, పోనీలే అని చెప్పేవాళ్ళు ఇప్పటికీ తగులుతుంటారు. వాళ్ళ మీద ఇంకాస్త ఎక్కువ ఉంది.

అప్పుడు నేను పాయింట్ కుక్‌లో ఒక తెలుగు కుటుంబం ఇంట్లో పై గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. ఆంటీ, అంకుల్ ఇద్దరూ కాకినాడ వైపు వాళ్ళు. పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకుని వేరే ఊళ్ళల్లో స్థిరపడ్డారు. అంకుల్ మా తెలుగు చర్చిలో సంఘపెద్ద. ఆంటీ ఏజ్డ్ కేర్‌లో పనిచేసేది. రోజంతా ముసలివాళ్ళని మంచం మీంచి లేపడం, నడిపించడం, కుర్చీలో కూర్చోబెట్టడం ఆవిడ ఉద్యోగం. అందుకని చేతుల్లో మంచి పట్టుండేది. ఒకసారి పట్టుకుంటే మనిషి జారిపోవడమన్నది ఉండదు. మా నాన్న నన్ను వాళ్ళకి ఫోనులో అప్పజెప్పినప్పుడు ‘మీ బిడ్డే అనుకోండి’ అన్నాడు. ఆ మాట మర్యాదకి అంటారు, మర్యాదకి వింటారు. వీళ్ళు నిజంగానే అనుకున్నారు.

ఒక శనివారం మధ్యాహ్నం అసైన్‌మెంట్ రాసుకుంటూ మధ్యలో లేచి, ఏదైనా తిందామని కిందికి దిగాను. వంటింట్లో ఫ్రిజ్ తలుపు తీసేసరికి నేల ఊగింది. ఇల్లంతా గిర్రున తిరిగింది. సింకులో వాంతి చేసుకున్నాను. ఆ వెనకే ఎక్కిళ్ళు మొదలయ్యాయి. మామూలు ఎక్కిళ్ళు కావు, ఒళ్ళంతా కుదిపేసేవి.

“అమ్మ తలుచుకుంటోందమ్మా. నీళ్ళు తాగు, తగ్గిపోద్ది,” అంది ఆంటీ.

తాగాను. నీళ్ళు గొంతు దిగలేదు, ముక్కులోంచి బయటికొచ్చాయి. “మెల్లిగా తాగొచ్చుగా, ఎవరైనా తరుముకొస్తున్నారా?” అని నా వీపు మీద చరిచింది. అంకుల్ టీవీ ముందునుంచి లేచి వచ్చాడు. “అమ్మ కాదులే, ఎవడో కుర్రాడు తలుచుకుంటున్నాడు. పేర్లు చెప్పుకుంటూ పో అమ్మాయ్, వాడి పేరు దగ్గర టక్కున ఆగిపోద్ది,” అని నవ్వాడు.

మా ఇళ్ళల్లో ఎక్కిళ్ళకి వైద్యం ఇదే. ఎవరు తలుచుకుంటున్నారో వాళ్ళ పేరు పలికితే ఆగిపోతాయి. ఆంటీ మొదలుపెట్టింది. మీ అమ్మ. ఎక్కిలి. మీ నాయనమ్మ. ఎక్కిలి. మీ మేనత్త, మీ పెద్దమ్మ, మీ పెద్దమ్మ కోడలు. అంకుల్ నడుమ నడుమ కుర్రాళ్ళ పేర్లు అందిస్తున్నాడు. నేను ఫ్రిజ్‌కి ఆనుకుని ఎడమ పక్కకి జారిపోతూ, బొంగురుపోయిన గొంతుతో “ఆంటీ, నాకేం బాలేదు” అంటున్నాను. “పొద్దున ఎండన పడి వచ్చావుగా, పైత్యం చేసుంటది,” అని చెంచాడు పంచదార నోట్లో పోసింది. నా మెదడులో ఒక ముక్క చచ్చిపోతుంటే ముగ్గురం వంటింట్లో చేరి చుట్టాల పేర్లు చదువుకున్నాం. ఇది తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు కొరుక్కుంటాను.

మర్నాడు పొద్దున్న మంచం దిగి నిలబడబోయాను. ఎవరో కుడి భుజాన చెయ్యేసి తోసినట్టు ఎడమకి పోయి బీరువాకి కొట్టుకున్నాను. చర్చికి చీర కట్టుకుంటున్న ఆంటీ ఆ చప్పుడు విని పైకి పరిగెత్తుకొచ్చింది. నా ఎడమ కంటి రెప్ప వాలిపోయి ఉండటం చూసింది. రోజూ చూసే ముసలివాళ్ళ మొహాలు గుర్తొచ్చాయేమో, వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. అది ఒప్పుకోవాలి, ఆసుపత్రికి చేరింది ఆంటీ వల్లే. ముందు రోజే చేరాల్సింది, అది వేరే సంగతి.

ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు తన చేతులు పట్టుకుని లాగమన్నాడు, కాళ్ళతో తొయ్యమన్నాడు. అన్నీ బ్రహ్మాండంగా చేశాను. లేచి నిలబడమన్నాడు. నరికిన అరటిచెట్టులా ఎడమకి వాలిపోయాను. ఎడమ చెంప తిమ్మిరి, కుడి చేతికి వేడీ చల్లా తెలియవు. స్కానింగ్ అయ్యాక జబ్బు సంగతి విడమరిచి చెబుతూ, ఎక్కిళ్ళు కూడా దీని లక్షణమేనన్నాడు. నేను ఆంటీ మొహం చూశాను. ఆంటీ “ప్రభువా” అని కళ్ళు మూసుకుంది. నాకు ఎక్కిళ్ళు వస్తూనే ఉన్నాయి.

పాలకొల్లు నుంచి నాన్న వీడియో కాల్ చేశాడు. తెర నిండా నాన్న మొహమే. వెనకాల ఎక్కడో అమ్మ కొంగు, సగం చెంప. ఏమైంది, ఎవరు చూస్తున్నారు, ఏ మందులిస్తున్నారు అని నాన్న అడుగుతున్నాడు. జవాబులు నేను చెప్పేలోపే ఆంటీ చెబుతోంది. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే నేను మంచం మీద పడుకుని, నా ఒంటి గురించి పక్కింటివాళ్ళు చెప్పుకుంటున్నట్టు విన్నాను. చివర్లో నాన్న “ఇంటికొచ్చెయ్ తల్లీ” అన్నాడు. “చదువైపోనీ నాన్నా” అన్నాను. “చదువెక్కడికి పోద్ది?” అన్నాడు. ఆ రోజు నుంచి ప్రతి ఫోనూ ఆ మాటతోనే ముగిసేది.

చదువెక్కడికి పోతుందో నాకు తెలుసు. ఇంక ఒక్క ప్లేస్‌మెంట్ మిగిలింది. అంటే ఒక ప్రైమరీ స్కూల్లో నిజం పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పడం. అది అయితే డిగ్రీ చేతికొస్తుంది, టీచరునవుతాను. యూనివర్సిటీవాళ్ళు వచ్చే టర్మ్‌కి వాయిదా వేశారు. అప్పటికి ఎవరి సాయం లేకుండా క్లాసులో నిలబడి, పిల్లల్ని గ్రౌండ్‌కి తీసుకెళ్ళి తీసుకురాగలిగితే చాలన్నారు. నాకూ అంతే కావాలి. ఒకసారి ఇండియా విమానం ఎక్కానంటే మళ్ళీ ఎక్కనిచ్చేవాళ్ళు లేరు. ‘ఒంట్లో బాగోని పిల్ల’ అని ఒక మూల కూర్చోబెడతారు. అది నాన్న అనలేదు, కానీ నాకు తెలుసు.

ఆసుపత్రిలో నడక నేర్పే ఫిజియో ఒక తెల్లావిడ. పొట్టిగా గట్టిగా ఉండేది, మాటల్లో చక్కెర కలిపేది కాదు. నన్ను నిలబెట్టి “ఇప్పుడు నిటారుగా ఉన్నావా?” అంది. ఉన్నానన్నాను. ఫోన్‌లో ఫోటో తీసి చూపించింది. అందులో నేను ఇంకొంచెంలో నేలకి కొట్టుకునేలా ఉన్నాను. నాకు భయమేసింది. అద్దం అబద్ధం చెప్పినా తట్టుకోవచ్చు గానీ ఒళ్ళే అబద్ధం చెబితే ఏం చేస్తాం? నా మెదడు నిటారుని ఎడమకి జరిపేసుకుందని, దానికి మళ్ళీ నేర్పాలని ఆవిడ చెప్పింది. తలుపు చట్రం ఎప్పుడూ నిటారుగా ఉంటుంది, దాన్ని చూస్తూ నిలబడు, ఒళ్ళు చెప్పేది కాదు, కళ్ళు చెప్పేది నమ్ము అంది. తర్వాత ఆంటీ వైపు తిరిగి, ఈ అమ్మాయిని పట్టుకోవద్దు అంది. పట్టుకుంటే ఆ చెయ్యే నిటారని మెదడు అనుకుంటుంది, చెయ్యి తీసేస్తే మళ్ళీ పడుతుంది. పక్కనుండండి, అడిగితేనే పట్టుకోండి.

“షీ ఈజ్ లైక్ మై ఓన్ డాటర్,” అంది ఆంటీ నొచ్చుకుంటూ.

అందుకే మరీ చెబుతున్నానంది ఫిజియో.

ఆంటీ తలూపింది. ఇంటికి రాగానే కారు దిగుతుంటే నా మోచెయ్యి పట్టుకుంది.

ఇక చూడండి నా అవస్థ. మంచం దిగితే పట్టుకునేది. బాత్రూమ్ తలుపు దగ్గర కాపలా కాసి, బయటికి రాగానే పట్టుకునేది. నేను మెట్ల దగ్గర తలుపు చట్రాన్ని చూస్తూ, ఊపిరి బిగబట్టి, ఒంటితో పోట్లాడి పోట్లాడి ఇంచుమించు నిలబడ్డానని అనుకునేలోపు, వెనకనుంచి ఉడుంపట్టు. “వదలండి ఆంటీ” అంటే “పడిపోతావమ్మా” అనేది. “పడనివ్వండి” అంటే “అవేం మాటలమ్మా, మీ నాన్నకి నేనేం సమాధానం చెప్పుకోను?” అనేది. నా కాళ్ళ మీద నేను నిలబడటం గురించి మాట్లాడుతుంటే మధ్యలో మా నాన్నకి సమాధానం ఎందుకొచ్చిందో నాకర్థమయ్యేది కాదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, అచ్చం అలాగే. నిలబెట్టడం వాళ్ళ వల్ల కాదు, నిలబడదామంటే నన్ను నిలబడనివ్వరు.

అంకుల్‌ది ఇంకో తరహా. ఆయన పట్టుకోడు, సలహా చెబుతాడు. సోఫాలోంచి చూస్తూ “కాళ్ళు బానే ఉన్నాయిగా అమ్మాయ్, మనసు పెట్టి నడువు” అనేవాడు. ఇంటికొచ్చిన చుట్టాలకీ స్నేహితులకీ అదే పాట. “చూట్టానికి బానే ఉంది కదండీ!” నా ఎదురుగానే అనుకునేవాళ్ళు. ఒక చెయ్యి వంకర పోయుంటే నమ్మేవాళ్ళు. మూతి ఒక పక్కకి పోయుంటే ఏడ్చేవాళ్ళు. రెండు కాళ్ళూ రెండు చేతులూ సరిగ్గా ఉండి పడిపోతుంటే మాత్రం మనవాళ్ళకి అది జబ్బులా కనపడదు, బుద్ధి లోపంలా కనపడుతుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. అరుద్దామంటే గొంతు బొంగురు, అరిచినా కప్ప బెకబెకలా వినిపించేది. దానికి కూడా నవ్వేవాళ్ళు.

కొన్నాళ్ళకి మింగడం తేలికపడింది, ఎక్కిళ్ళు పోయాయి, చేతికర్ర సాయంతో నా అంతట నేను నడవడం మొదలుపెట్టాను. ఆంటీ డ్యూటీకి వెళ్ళిన గంటలే నా బడి. పడేదాన్ని, లేచేదాన్ని. మోకాళ్ళు, మోచేతులు కమిలిపోయి ఉండేవి, పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు వేసుకుని కప్పేసేదాన్ని. ఏదో తప్పుడు పని చేస్తున్నదానిలా నడక నేర్చుకోవలసి వచ్చింది. చూడండి ఎంత సిగ్గుచేటో.

ఒకరోజు అలాగే బస్సెక్కి ఒక్కదాన్నీ షాపింగ్ సెంటర్‌కి వెళ్ళాను. ట్రాలీలో కర్ర పడేసి, ట్రాలీ పట్టుకుని నడుస్తున్నాను. ట్రాలీ కూడా నాతోపాటు ఎడమకి పోతోంది. బియ్యం బస్తాల వరస దగ్గర ఒక బిస్కెట్ల అట్టపెట్టెని గుద్దేశాను. అక్కడ బియ్యం చూస్తున్న జంట నన్ను కిందికీ పైకీ చూశారు. ఆవిడ ఆయనతో నెమ్మదిగా, తెలుగులో, “పొద్దున్నే తాగేసొచ్చినట్టుంది. ఏ దేశం పిల్లో, ఖర్మ” అంది.

నా మొహం చూసి మన మనిషిని అనుకోలేదో, అనుకోవడం ఇష్టం లేదో తెలీదు. నేను ట్రాలీ ఆపి, వాళ్ళ వైపు తిరిగి, “ఆయ్, పాలకొల్లు పిల్లనేనండి. తాగలేదండి. మెదడులో రక్తం గడ్డకట్టిందండి. మీరు పక్కకి జరిగితే నేను కందిపప్పు తీసుకుంటానండి,” అన్నాను. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన “సారీ అమ్మా, సారీ” అంటూ ఆవిడని లాక్కుపోయాడు. ఆ పూట నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. బస్సులో తలుచుకుని తలుచుకుని నవ్వుకున్నాను.

ఆ హాయి ఇంటికి చేరేదాకానే. నేను బస్సు దిగేలోపే కబురు నాకంటే ముందు దిగింది. ఆవిడ ఎవరో మా చర్చిలో ఒకాయనకి చెల్లెలట, పాలకొల్లు పిల్లనగానే అది నేనేనని ఆయన పోల్చుకున్నాడట. తెలిసీ తెలియని మాట చేతులు మారుతూ వచ్చి, ‘మీ ఇంట్లో ఉండే అమ్మాయి ఊగుతూ తూగుతూ షాపులో గొడవ చేసిందట’ అని అంకుల్ ఫోనుకి చేరింది. అంకుల్ హాల్లో అటూ ఇటూ నడుస్తున్నాడు.

“ఒక్కదానివీ ఎందుకెళ్ళావమ్మాయ్?”

“పప్పుకోసం అంకుల్.”

“జోకులొద్దు. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటున్నారు. నేను సంఘంలో తలెత్తుకోవాలా వద్దా?”

“తల ఎత్తుకోలేకపోతున్నది నేనండీ. మీ తల బానే ఉంది,” అన్నాను.

ఆంటీ “పెద్దాయనతో అలాగేనా మాట్లాడేది?” అని ఏడ్చింది. అంకుల్ లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ తలుపు వెనక మా నాన్నతో చాలాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడాడో నాకెవరూ చెప్పలేదు.

రెండు రోజులు పోయాక ఆంటీ నా గదిలోకి వచ్చి మంచం మీద కూర్చుంది. ఆదివారం సాయంత్రం ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టామంది. అందరూ వస్తారు, పాస్టర్ గారు వస్తారు, దేవుడు నిన్ను స్వస్థపరిచినందుకు స్తోత్రాలు చెల్లిద్దాం, అందరి నోళ్ళూ మూతపడతాయి.

“నేనింకా బాగవలేదు కదా ఆంటీ?”

“విశ్వాసంతో ముందే చెప్పాలమ్మా. అయిపోయిందని చెప్తే అయిపోద్ది. అయ్యాక ఎవరైనా చెప్తారు.”

ఇది మా వాళ్ళల్లో ఉన్న పద్ధతే. వీసా రాకముందే వీసా వచ్చిందని, కడుపు పండకముందే పండిందని స్తోత్రం చెప్పడం చిన్నప్పటి నుంచీ చూశాను. దాన్ని వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు, నేనూ ప్రార్థన చేసుకునేదాన్నే. కానీ ఇక్కడ పిక్క మీద కమిలిన పెద్ద గాయంతో కూర్చున్నది నేను. “చెప్పండి గానీ నన్ను నిలబెట్టకండి,” అన్నాను. ఆంటీ సరేనంది. ఆవిడ సరేనంటే ఏమిటో నాకు అప్పటికే తెలిసుండాల్సింది.

ఆదివారం గుమ్మం ముందు చెప్పులు, బూట్లు గుట్టపడ్డాయి. హాలంతా దుప్పట్లు పరిచి, గోడల వెంబడి కుర్చీలు వేశారు. వంటింట్లోంచి బిర్యానీ వాసన. టీవీ బల్ల మీద అంకుల్ ఫోన్ నిలబెట్టారు, అందులో మా నాన్న, తెల్లచొక్కా వేసుకుని, పాలకొల్లులో మా ముందు గదిలో కూర్చుని ఉన్నాడు. కిందికి దిగుదామని చూస్తే నా గది తలుపు పక్కన ఉండాల్సిన కర్ర లేదు.

“ఆంటీ, నా కర్ర?”

“ఈ ఒక్క పూటకీ వద్దమ్మా. కర్ర పట్టుకుని స్వస్థత అయిందంటే ఏం బాగుంటది? నేనున్నాగా.”

దేవుడి మీద నాకు కోపం రాలేదు. నా కర్ర దాచింది ఆయన కాదు. ఆంటీ నా చెయ్యి పట్టుకుని కిందికి దింపి, అందరి మధ్యా, గోడలకి దూరంగా, ఒక కుర్చీలో కూర్చోబెట్టింది. ఆనుకోవడానికి ఏమీ లేదు. పాటలు పాడారు. పాస్టర్ గారు మంచి మనిషి, క్లుప్తంగా ప్రార్థన చేశాడు. తర్వాత అంకుల్ లేచి గొంతు సవరించుకున్నాడు.

మృత్యుముఖంలోంచి దేవుడు ఈ బిడ్డని లేవనెత్తాడు అన్నాడు. అందరూ “స్తోత్రం” అన్నారు. ఈ బిడ్డ ఈరోజు మన మధ్య నడుస్తోంది అన్నాడు. “స్తోత్రం.” ఇంకో సంతోషమైన కబురు అన్నాడు. “తండ్రిగారు టికెట్ తీశారు. వచ్చే వారం మన అమ్మాయి తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళిపోతోంది. కాబట్టి కృతజ్ఞతతో పాటు ప్రయాణ ప్రార్థన కూడా చేసుకుందాం.”

“స్తోత్రం” అన్నారందరూ.

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. ఆంటీ వైపు చూస్తే ఆంటీ నేల వైపు చూస్తోంది. ఫోన్‌లో నాన్న తల వంచుకుని ప్రార్థనకి సిద్ధంగా ఉన్నాడు. గదిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. బిర్యానీ వండినావిడకి కూడా తెలుసు. తెలియనిది నాకొక్కదానికే.

“ఎవరు వెళ్తున్నారు?” అన్నాను.

“తర్వాత మాట్లాడుకుందామమ్మా,” అంది ఆంటీ.

“ఎవరిని అడిగి తీశారు టికెట్?”

“అమ్మాయ్, పెద్దలున్నారు,” అన్నాడు అంకుల్.

నేను లేచాను. ఎటు వెళ్ళాలని లేచానో నాకే తెలీదు, ఫోన్ దగ్గరికి వెళ్ళి నాన్నని కడిగేద్దామనుకున్నట్టున్నాను. లేవగానే గది అంతా “పట్టుకోండి, పట్టుకోండి” అని ఒకేసారి అరిచింది. నాలుగు వైపుల నుంచి చేతులు లేచాయి. ఆంటీ పట్టు నా కుడి మోచెయ్యి మీద పడనే పడింది.

“ముట్టుకోకండి!” అని అరిచాను. బొంగురు గొంతే, కానీ ఈసారి ఎవరూ నవ్వలేదు. “ఒక్కరు కూడా ముట్టుకోకండి నన్ను.”

ఆంటీ చెయ్యి తీసేసింది. వంటింటి తలుపు చట్రం కనపడింది. దాన్ని చూస్తూ అడుగులు వేశాను. కొన్ని బాగానే పడ్డాయి. దుప్పటి అంచు కాలికి తగిలింది. అంతే, ఎడమకి పోయి, ఒక పెద్దావిడ బైబిల్ పక్కన దబ్బున పడ్డాను. మోచెయ్యి చురుక్కుమంది. ఆ పెద్దావిడ “అయ్యో తండ్రీ” అని చెయ్యి చాచి, మళ్ళీ నా మొహం చూసి వెనక్కి తీసుకుంది. అందరూ చూస్తుండగా మోకాళ్ళ మీదికి వచ్చాను. ఫిజియో నేర్పినట్టు కుడికాలు ముందుకి పెట్టి, రెండు చేతులూ దాని మీద వేసి, నెమ్మదిగా లేచాను. లేవడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ కదల్లేదు. ఆ ఇంట్లో అన్ని నెలల్లో మొదటిసారి నన్ను నేను లేపుకోనిచ్చారు.

“ఇప్పుడు చెప్పుకోండి స్తోత్రం,” అన్నాను.

పాస్టర్ గారు కళ్ళు తుడుచుకున్నాడు. నేను టీవీ బల్ల దాకా వెళ్ళి, దాన్ని పట్టుకుని నిలబడి, ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

“నేను రావట్లేదు నాన్నా. నాకు చదువైపోవాలి. టికెట్ వెనక్కిచ్చెయ్.”

“పడిపోతున్నావు కదా తల్లీ,” అన్నాడు నాన్న. కళ్ళనిండా నీళ్ళు. “నా కళ్ళముందే పడ్డావు. అంత దూరంలో నిన్నెలా వదిలేస్తాను? నా మాట విను. అంకుల్ గారు అన్నీ చూసుకుంటారు.”

“అంకుల్ గారికి నేను బిడ్డని కాదు నాన్నా. నీకు బిడ్డని. నన్నడగాల్సింది.”

“నీకేం తెలుసు…” అని నాన్న ఇంకా ఏదో అంటుండగా తెర అటూ ఇటూ ఊగింది. పైకప్పు కనపడింది, ఫ్యాను కనపడింది. “ఇటివ్వండి. ఇవ్వండంటుంటే,” అన్న గొంతు వినపడింది. తర్వాత తెర నిండా అమ్మ మొహం. అంత దగ్గరగా, అంత పూర్తిగా అమ్మని చూసి నాకు ఎన్నాళ్ళయిందో.

“ఏ వైపుకే పడుతున్నావు?” అంది అమ్మ.

డాక్టర్లు, ఫిజియో తప్ప ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. ఎందుకు పడుతున్నావన్నారు, ఎందుకు లేచావన్నారు, ఎందుకు వెళ్ళావన్నారు. ఏ వైపని ఎవరూ అడగలేదు.

“ఎడమ పక్కకమ్మా.”

“ఎప్పుడూ అటేనా?”

“ఎప్పుడూ అటే.”

“అయితే గోడ ఎడమ పక్కన ఉండేట్టు చూసుకుని నడువు. పడినా గోడ మీద పడతావు. బడిలో కూడా అలాగే నిలబడు. టికెట్ సంగతి నేను చూసుకుంటాను.”

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది, అమ్మ మీద కూడా వచ్చింది. “ఇన్ని నెలల నుంచి ఈ ముక్క ఒక్కసారైనా ఎందుకడగలేదే అమ్మా?” అని అందరి ముందూ గట్టిగా అరిచాను.

“మీ నాన్న ఫోను నా చేతికిస్తే కదే,” అంది.